విదేశంలో ఒంటరిగా దిగారా? ఫ్రెండ్స్ దొరకడానికి ఓ 50 గంటల లెక్క ఉంది.. జర్మనీ వెళ్లేవాళ్లు తప్పక తెలుసుకోండి!

వీసా వచ్చింది. బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బులు పడ్డాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అమ్మానాన్నలకు బై చెప్పి విమానం ఎక్కేశారు. అక్కడ దిగాక గది దొరికింది, సిమ్ కార్డు వచ్చింది, క్లాసులు కూడా మొదలయ్యాయి. అన్నీ సెట్ అయినట్టే.. కానీ ఒక్క విషయం మాత్రం ఏ కన్సల్టెన్సీ చెప్పి పంపదు. ఆదివారం సాయంత్రం ఎవరితో గడపాలి?

జర్మనీకి వెళ్లే మనవాళ్లకు ఈ ప్రశ్న అక్టోబర్‌లో పెద్దగా రాదు. అంతా కొత్త, అంతా హడావుడి. నవంబర్‌లో వస్తుంది. అక్టోబర్ చివరి ఆదివారం అక్కడ గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి చీకటి ఒక్కసారిగా ముందుకు జరుగుతుంది. డిసెంబర్‌లో అయితే బెర్లిన్‌లో సాయంత్రం 4 కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఇండియాతో టైమ్ తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర గంటలకు పెరుగుతుంది. అంటే అక్కడ రాత్రి 8 గంటలకు వంట ముగించి ఇంటికి ఫోన్ చేద్దామంటే ఇక్కడ అర్ధరాత్రి 12.30. ఎవరితోనైనా మాట్లాడాలని అనిపించే టైమ్‌కి మాట్లాడేవాళ్లంతా నిద్రలో ఉంటారు. పైగా ఆదివారం సూపర్ మార్కెట్లతో సహా దాదాపు షాపులన్నీ బంద్. ఊరికే బయట తిరిగి వద్దామన్నా వీధులు ఖాళీ.

జర్మనీలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు అందరికంటే ఎక్కువ మంది మన దేశం వాళ్లే. 2023-24 వింటర్ సెమిస్టర్‌లో ఆ సంఖ్య 49 వేలు దాటింది. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లు అందులో చాలామందే ఉంటారు. మరి అంతమంది మనవాళ్లున్నా ఒంటరితనం ఎందుకు? ఫ్రెండ్స్ చేసుకోవడం అక్కడ నిజంగానే అంత కష్టమా?

కష్టమే. విదేశాల్లో ఉండేవాళ్ల అభిప్రాయాలు సేకరించే ఇంటర్నేషన్స్ సర్వేల్లో, కొత్తవాళ్లు సులువుగా కలిసిపోలేని దేశాల వరుసలో జర్మనీ పేరు పదేపదే వినిపిస్తుంది. ఆ మాటకొస్తే జర్మన్లకూ ఈ సమస్య ఉంది. ఒంటరితనాన్ని ఎదుర్కోవడానికి అక్కడి ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో ప్రత్యేకంగా ఓ జాతీయ వ్యూహాన్నే ప్రకటించింది. అంతకు ముందు నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మనుషుల మధ్య సంబంధాలపై ఓ కమిషన్ వేసింది. కాబట్టి "నాకే ఇలా ఎందుకు జరుగుతోంది, నాలోనే ఏదో లోపం ఉందేమో" అని గదిలో కూర్చుని కుమిలిపోవాల్సిన పనైతే లేదు.

అసలు ఏంటీ 50 గంటల లెక్క?

అమెరికాలోని కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. ఒక మనిషి ఇంకో మనిషికి ఫ్రెండ్ కావడానికి ఎన్ని గంటలు పడుతుంది అని ఆయన లెక్క తీశారు. 2018లో బయటికొచ్చిన ఈ అధ్యయనంలో ఆసక్తికరమైన విషయం ఏంటంటే, ఆయన ప్రశ్నలు వేసింది కొత్త ఊరికి మారి ఆరు నెలలు కూడా కానివాళ్లకు, కొత్తగా కాలేజీలో చేరినవాళ్లకు. అంటే సరిగ్గా మీలాంటివాళ్లకే.

ఆయన లెక్క ప్రకారం ముఖ పరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి. "నా ఫ్రెండ్" అని ధైర్యంగా చెప్పుకోవడానికి సుమారు 90 గంటలు. మనసులో మాట చెప్పుకునేంత దగ్గరవ్వాలంటే 200 గంటలు దాటాలి. ఇంకో మెలిక కూడా ఉంది. పక్కపక్క కుర్చీల్లో పని చేసుకుంటూ గడిపిన గంటలు ఈ లెక్కలో అంతగా పనికిరాలేదు. కలిసి తినడం, ఆడుకోవడం, ఊరికే కబుర్లు చెప్పుకోవడం.. ఇవే మనుషుల్ని దగ్గర చేశాయి.

ఇది అమెరికాలో చేసిన లెక్క. జర్మనీలో ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. అయినా ఈ సంఖ్యను మన పరిస్థితికి వేసి చూస్తే చాలా విషయాలు తేలిపోతాయి.

ఉదాహరణకు వెల్కమ్ పార్టీ. సెమిస్టర్ మొదట్లో రోజుకో పార్టీ ఉంటుంది. మూడు గంటల్లో ముప్పై మందిని కలుస్తారు, ఇన్‌స్టా ఐడీలు తీసుకుంటారు. ఒక్కో మనిషితో గడిపింది ఆరు నిమిషాలు. వారం తర్వాత సూపర్ మార్కెట్‌లో ఎదురుపడితే ఇద్దరికీ పేరు గుర్తుండదు. అదే వారానికి ఒకసారి, ఒకే చోట, అవే ముఖాలతో రెండు గంటలు గడిపితే? 50 గంటలు కావడానికి 25 వారాలు. అక్టోబర్ మధ్యలో మొదలుపెడితే ఏప్రిల్‌కి పూర్తవుతుంది. అంటే మొదటి చలికాలమంతా "ఇంకా ఎవరూ దగ్గర కాలేదే" అని అనిపించడం సహజం. లెక్క ప్రకారమే అప్పటికి గంటలు నిండవు. చాలామంది సరిగ్గా ఇక్కడే, జనవరిలోనే వదిలేస్తారు.

గది వెతికేటప్పుడే సగం పని అయిపోతుంది

గంటలు అన్నింటికంటే వేగంగా పోగయ్యే చోటు క్లాసు కాదు, వంటగది. జర్మనీలో వేరే వాళ్లతో కలిసి అద్దెకు తీసుకునే ఫ్లాట్‌ను 'వేగే' అంటారు. ఎవరి గది వాళ్లది, కిచెన్ అందరిదీ. అక్కడ రోజుకో గంట కలిసి తిన్నా రెండు నెలలు తిరక్కుండానే 50 గంటలు దాటిపోతాయి. బయట ఆరు నెలలు పట్టేది ఇంట్లో రెండు నెలల్లో అయిపోతుందన్నమాట.

కానీ అన్ని వేగేలూ ఒకటి కాదు. అద్దె పంచుకోవడానికే కలిసి ఉండేవాటిని 'ట్స్‌వెక్-వేగే' అంటారు. అవసరార్థం కాపురం లాంటిది. ఫ్రిజ్‌లో ఎవరి అర వాళ్లది, తలుపులు వేసేసుంటాయి, "హాలో" తప్ప మాట ఉండదు. అందుకే కొన్ని ప్రకటనల్లో 'కైనె ట్స్‌వెక్-వేగే' అని ప్రత్యేకంగా రాస్తారు. అంటే మాది అలాంటిది కాదు, కలిసి వండుకుంటాం, కూర్చుని మాట్లాడుకుంటాం అని అర్థం. గది వెతికేటప్పుడు ఈ మాట ఉందో లేదో చూడండి. గది ఇచ్చే ముందు వాళ్లు మిమ్మల్ని పిలిచి ఓ అరగంట మాట్లాడతారు, ఇంటర్వ్యూలాగే ఉంటుంది. అక్కడ మీరూ అడగొచ్చు, "మీరు కలిసి తింటారా?" అని. తప్పేం లేదు.

స్టూడెంట్ వీసా కోసం ఏడాదికి చూపించాల్సిన మొత్తం 2024 సెప్టెంబర్ నుంచి 11,904 యూరోలు. నెలకు 992. అందులో అద్దె, ఇన్సూరెన్స్ పోగా మిగిలేది ఎంతో అక్కడున్నవాళ్లకు తెలుసు. కాబట్టి చాలామంది వేగేకే వెళ్తారు. ఇబ్బంది ఎక్కడంటే, మనవాళ్లు నలుగురు కలిసి ఒకే ఫ్లాట్ తీసుకుంటారు, లేదంటే "నా ప్రైవసీ నాకు కావాలి" అని సింగిల్ స్టూడియోకి వెళ్లిపోతారు. వీలైతే మొదటి ఏడాది స్టూడియో వద్దు. ప్రైవసీ మాట తర్వాత సంగతి.. మొదటి చలికాలంలో తలుపు తీస్తే మనిషి కనిపించడం ముఖ్యం.

ఊరి విషయమూ అంతే. అందరూ బెర్లిన్, మ్యూనిక్ అని పరుగులు పెడతారు కానీ.. ఇల్మెనావ్, మాగ్డెబర్గ్, కెమ్నిట్స్ లాంటి ఊళ్లలో క్యాంటీన్‌లో, షాపులో అవే ముఖాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. పెద్ద నగరంలో మీ క్లాస్‌మేట్ ఓ మూల ఉంటాడు, మీరు ఇంకో మూల. కలవాలంటే గంట మెట్రో. పార్ట్‌టైమ్ ఉద్యోగాలు పెద్ద ఊళ్లలోనే ఎక్కువ అన్నది నిజమే, కాదనలేం. కానీ చిన్న ఊరు వచ్చిందని ఏడవాల్సిన పనిలేదు.

జర్మన్లు ఎక్కడ దొరుకుతారు? 'ఫెరైన్'లో!

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. జర్మన్లు మన దగ్గరలా టీ కొట్టు దగ్గర పరిచయమవ్వరు. బస్సులో పక్క సీటతను "ఏ ఊరు మీది?" అని అడగడు. వాళ్లకు మనుషులతో కలవడానికి విడిగా ఓ ఏర్పాటుంది. దాని పేరు ఫెరైన్. రాసేటప్పుడు వి అక్షరంతో మొదలవుతుంది, పలికేటప్పుడు మాత్రం ఫ. మన భాషలో సంఘం, క్లబ్ అనుకోవచ్చు. రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పేరు చివర ఇ.వి. అని రెండక్షరాలు కనిపిస్తే అది రిజిస్టర్ అయిన ఫెరైన్. దేశం మొత్తం మీద ఇలాంటివి 6 లక్షలకు పైగా ఉన్నాయి! ఫుట్‌బాల్, చెస్, టేబుల్ టెన్నిస్, కోరస్ పాట, కొండలెక్కడం, కుందేళ్ల పెంపకం.. దేనికైనా ఓ ఫెరైన్ ఉంటుంది. పల్లెల్లో అయితే అగ్నిమాపక దళం కూడా ఊళ్లోవాళ్లే స్వచ్ఛందంగా నడుపుతారు. దేశవ్యాప్తంగా వీళ్లు దాదాపు 10 లక్షల మంది.

ఫెరైన్‌లో గొప్పదనం ఏంటంటే.. వారం వారం, అదే టైమ్‌కి, అదే హాల్‌లో, అవే ముఖాలు. పైన చెప్పిన గంటల లెక్కకు అచ్చంగా సరిపోయే చోటు. చాలా క్లబ్బుల్లో డబ్బు కట్టేముందు ఒకటి రెండుసార్లు ఉచితంగా వచ్చి ఆడి చూడొచ్చు. దీన్ని 'ప్రోబెట్రైనింగ్' అంటారు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కి రెండు లైన్లు రాస్తే చాలు.

మనవాళ్లకు ఇక్కడో అడ్వాంటేజ్ కూడా ఉంది. బ్యాడ్మింటన్! సైనా నెహ్వాల్, పీవీ సింధు, కిదాంబి శ్రీకాంత్ ట్రైనింగ్ తీసుకున్న నగరం నుంచి వచ్చామంటే బ్యాడ్మింటన్ హాల్‌లో మాట కలపడానికి వేరే టాపిక్ అక్కర్లేదు. మరీ సింధులా ఆడాల్సిన పనిలేదు, కాలనీలో నెట్ కట్టి ఆడిన అనుభవం చాలు. క్రికెట్ అయితే మరో కథ. 2015 ప్రాంతంలో అఫ్గాన్ శరణార్థులు పెద్ద సంఖ్యలో రావడంతో జర్మనీలో క్రికెట్ టీమ్‌లు ఒక్కసారిగా పెరిగాయి. ఇప్పుడు చాలా ఊళ్లలో అఫ్గాన్, పాకిస్థాన్, ఇండియా, శ్రీలంక కుర్రాళ్లు ఒకే టీమ్‌లో కనిపిస్తారు. అక్కడ భాష సమస్యే ఉండదు.

క్లబ్ ఫీజు కూడా భారం అనుకునే స్టూడెంట్స్‌కి యూనివర్సిటీలే తక్కువ ధరకు ఆటల కోర్సులు పెడతాయి. యోగా నుంచి వాలీబాల్ దాకా అన్నీ ఉంటాయి. భాష నేర్చుకోవాలంటే ఊరూరా 'ఫోక్స్‌హోఖ్‌షూలే' అనే ప్రజా విద్యాకేంద్రాలున్నాయి. వంట, కుట్టు, ఫొటోగ్రఫీ కూడా నేర్పుతారు. నిజం చెప్పాలంటే జర్మన్ భాష క్లాసులో జర్మన్లు దొరకరు. దొరికేది మీలాగే ఊరు కాని ఊరొచ్చిన సిరియా, ఉక్రెయిన్, బ్రెజిల్ మనుషులు. మొదటి ఫ్రెండ్స్ చాలావరకు వాళ్లే అవుతారు, ఎందుకంటే ఆదివారం వాళ్లకీ ఖాళీయే.

'నువ్వు' అనమంటే దగ్గరైనట్టే

తెలుగువాళ్లకు సులువుగా అర్థమయ్యే విషయం ఇది. జర్మన్‌లో 'డు' అంటే నువ్వు, 'జీ' అంటే మీరు. హిందీలో పేరు చివర తగిలించే 'జీ'లాగే ఇదీ గౌరవమే, కాకతాళీయంగా కలిసింది. స్టూడెంట్స్ మధ్య మొదటి నుంచే డు. కానీ పక్కింటి పెద్దావిడ, ఆఫీసర్, డాక్టర్.. వీళ్లతో జీ. పెద్దవాళ్లే ఓ రోజు "ఇకనుంచి డు అనుకుందాం" అంటారు. అది చిన్న విషయం కాదు. మన దగ్గర "ఏంటండీ అండీ అంటారు, తమ్ముడూ అని పిలవండి" అన్నట్టే అనుకోండి.

ఇంకో మాట తెలిస్తే చాలా బాధ తప్పుతుంది. 'ఫ్రాయిండ్' అంటే స్నేహితుడు, 'బెకాంటె' అంటే పరిచయస్తుడు. జర్మన్లు ఈ రెండింటినీ కలపరు. మనం రెండుసార్లు కలిసి కాఫీ తాగితే ఫ్రెండ్ అనేస్తాం. వాళ్లు ఏడాది నుంచి కలిసి పని చేస్తున్న మనిషిని కూడా బెకాంటె అనొచ్చు. అది అవమానం కాదు. అలాగే ఆఫీసులో మధ్యాహ్నం "మాల్‌త్సైట్" అని పలకరించి కలిసి తిన్న కొలీగ్, సాయంత్రం పని అయిపోగానే బ్యాగు సర్దుకుని వెళ్లిపోతాడు. ఆ టైమ్ అతని కుటుంబానిది, అతని ఫెరైన్‌ది.

"ఎప్పుడైనా కలుద్దాం బ్రో" అనే మాట కూడా అక్కడ పెద్దగా పనిచేయదు. 'టెర్మీన్' కావాలి, అంటే రోజు, టైమ్ ఫిక్స్ చేయాలి. "వచ్చే గురువారం 6 గంటలకు మా ఇంట్లో బిర్యానీ వండుతున్నా, వస్తావా?" అని అడిగి చూడండి. రెండు వారాల తర్వాతి తేదీ చెప్పినా చిన్నబుచ్చుకోవద్దు, వాళ్ల డైరీ అలాగే ఉంటుంది. ఒకసారి ఓకే అన్నారంటే 6 గంటలకు బెల్ మోగుతుంది. మన దగ్గర "చూద్దాం" అంటే రానని అర్థం. వాళ్లు రాలేకపోతే రాలేనని మొహం మీదే చెప్తారు. అందులో కోపం ఏమీ ఉండదు, ఇంకో తేదీ అడగొచ్చు.

మాట్లాడాక ఇంటికొచ్చి "ఏం వాగానో ఏంటో, వాళ్లకి నేను నచ్చలేదేమో" అని పదిసార్లు తలుచుకుంటున్నారా? దీని మీదా పరిశోధన ఉంది. 2018లో ఎరికా బూత్‌బీ, మరికొందరు సైకాలజిస్టులు కొత్తవాళ్లను జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. తర్వాత విడివిడిగా అడిగితే.. అవతలి మనిషికి తాము ఎంత నచ్చామో చాలామంది తక్కువగానే అంచనా వేశారు. నిజానికి అంతకంటే ఎక్కువే నచ్చారట!

బిల్లు, బర్త్‌డే, బీరు

ఈ మూడింటి దగ్గర మనవాళ్లు తికమకపడతారు. రెస్టారెంట్‌లో వెయిటర్ "కలిపి ఇవ్వాలా, విడివిడిగానా?" అని అడుగుతాడు. విడివిడిగా అనడమే అక్కడ మామూలు. "నేనిస్తా అంటే నేనిస్తా" అని చెయ్యి పట్టుకుని లాగితే అవతలి మనిషి ఇబ్బంది పడతాడు, అప్పు పడ్డట్టు ఫీలవుతాడు. నెలకు 992 యూరోల్లో బతికేవాళ్లకు ఇదీ ఒకందుకు మంచిదే.

బర్త్‌డేకి మాత్రం లెక్క తిరగబడుతుంది. పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే కేక్ తేవాలి. మీ బర్త్‌డే రోజు క్లాసుకో, ఆఫీసుకో ఓ కేక్ తీసుకెళ్లి చూడండి, అప్పటిదాకా పలకరించనివాళ్లు కూడా వచ్చి మాట్లాడతారు. కానీ పొరపాటున కూడా "అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే" అనొద్దు! ముందే శుభాకాంక్షలు చెప్పడం అక్కడ అపశకునం.

తాగే అలవాటు లేకపోతే కంపెనీ ఉండదేమో అని చాలామంది భయపడతారు. అంత సీన్ లేదు. యాపిల్ జ్యూస్‌లో సోడా కలిపిన 'యాప్‌ఫెల్‌షోర్లె' చేతిలో పట్టుకుని రెండు గంటలు కూర్చోవచ్చు, ఎవరూ అడగరు. క్రిస్మస్ మార్కెట్‌లో వేడి వైన్ పక్కనే ఆల్కహాల్ లేని పంచ్ కూడా అమ్ముతారు.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ పట్టించుకోనిది. మీరు ఇంట్లో లేనప్పుడు పార్సిల్ వస్తే డెలివరీ అతను పక్క ఫ్లాట్‌లో ఇచ్చి, మీ డబ్బాలో చీటీ వేసి పోతాడు. అది తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు థాంక్స్ చెప్పి పేరు కనుక్కోండి. తర్వాత వాళ్ల పార్సిల్ మీరు తీసుకోండి. మెట్ల మీద కనిపిస్తే "హాలో" అనండి. పక్కింటి వాళ్లతో పరిచయం అక్కడ ఎక్కువగా ఇలాగే మొదలవుతుంది.

మన తెలుగు గ్యాంగ్ సంగతేంటి?

"అంత దూరం వెళ్లి మళ్లీ తెలుగువాళ్లతోనేనా?" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ సలహా వినాల్సిన పనిలేదు. దిగిన మొదటి వారం ఎయిర్‌పోర్టుకి వచ్చేది, అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి తోడొచ్చేది, జ్వరమొస్తే చారన్నం పెట్టేది మనవాళ్లే. ఉగాది, బతుకమ్మ, వినాయక చవితి పెద్ద ఊళ్లలో బాగానే జరుగుతాయి. పెద్ద హీరో సినిమా వస్తే మొదటి షోకి థియేటర్‌లో ఈలలు కూడా వినిపిస్తాయి. కలిసి వండుకుంటారు కాబట్టి గంటలు ఇట్టే పోగవుతాయి.

చిక్కు వేరే దగ్గర ఉంది. గ్యాంగ్ ఒక్కటే అయితే అందరికీ ఒకేసారి ఎగ్జామ్స్, ఒకేసారి సెలవుల్లో ఇండియా ప్రయాణం, ఒకేసారి ఉద్యోగం కోసం వేరే ఊళ్లకు వలస. చదువయ్యాక గ్యాంగ్ ఖాళీ అవుతుంది, మిగిలినవాడు మళ్లీ మొదటికొస్తాడు. పైగా "మీదే జిల్లా, మీరేవిట్లు?" అనే ఆరాలు అక్కడికీ వస్తాయి, నచ్చని గొడవలూ వస్తాయి. అప్పుడు వెళ్లడానికి ఇంకో చోటు ఉండాలి. వారంలో ఒక్క సాయంత్రం తెలుగు వినిపించని చోట గడిపితే చాలు.. మిగతా ఆరు రోజులు గ్యాంగ్‌తో ఉన్నా పర్లేదు.

ఒక హెచ్చరిక కూడా. ఇండియన్ స్టోర్‌లో పప్పు కొంటుంటే ఎవరో నవ్వుతూ పలకరిస్తారు, నంబర్ తీసుకుంటారు. మూడో రోజు కాఫీకి పిలుస్తారు. కాఫీ దగ్గర "ఫైనాన్షియల్ ఫ్రీడమ్" గురించి మాట మొదలవుతుంది. అది స్నేహం కాదు, చైన్ మార్కెటింగ్. ఒంటరిగా ఉన్నవాళ్లు కాదనలేరని వాళ్లకు బాగా తెలుసు. అలాగే పరిచయమైన వారానికే డబ్బు అడిగినా, మీ బ్యాంకు అకౌంట్ వాడుకుంటామన్నా వెంటనే కట్ చేసేయండి. అకౌంట్ ఇచ్చారంటే మనీ లాండరింగ్ కేసులో ఇరుక్కునేది మీరే. ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లను మొదటిసారి కలిసేటప్పుడు, ముఖ్యంగా అమ్మాయిలు, పదిమంది ఉండే కేఫ్‌లోనే కలవండి. ఎక్కడికి వెళ్తున్నారో ఒకరికైనా చెప్పి వెళ్లండి.

ఇంట్లో ఉన్న పేరెంట్స్‌కి ఒక మాట

వీడియో కాల్‌లో "తిన్నావా నాన్నా?" అని రోజూ అడుగుతారు. "తిన్నా" అని వస్తుంది. ఆ జవాబులో మీకు ఏమీ తెలియదు. "ఎవరితో తిన్నావ్?" అని అడిగి చూడండి. వారాల తరబడి "ఒక్కడినే" అనే వస్తుంటే కాస్త పట్టించుకోవాలి. "ఊరికే బయట తిరగకు, చదువు మీద ధ్యాస పెట్టు" అనే మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి. స్టూడెంట్స్‌కి 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసే వీలుంది. క్లాసులు, పార్ట్‌టైమ్, వంట పోగా మిగిలే ఆ రెండు గంటలు వాళ్లు బ్యాడ్మింటన్‌కి వెళ్తే అది టైమ్ వేస్ట్ కింద లెక్కేయకండి.

నిద్ర పట్టకపోవడం, క్లాసులు మానేయడం, ఇంటి నుంచి ఫోన్ వచ్చినా ఎత్తబుద్ధి కాకపోవడం.. ఇవి వారాల తరబడి ఉంటే అది హోమ్ సిక్‌నెస్ దాటిపోయినట్టే. యూనివర్సిటీ ఊళ్లలో విద్యార్థి సేవా సంస్థ 'స్టూడియెరెండెన్‌వెర్క్' ద్వారా కౌన్సెలింగ్ దొరుకుతుంది. చాలాచోట్ల ఇంగ్లీషులోనూ మాట్లాడతారు. ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్‌లో డాక్టర్ అవసరమని తేల్చిన మానసిక చికిత్సకూ కవరేజీ ఉంది. కానీ థెరపిస్ట్ అపాయింట్‌మెంట్‌కి నెలలు పట్టొచ్చు, కాబట్టి ఆలస్యం చేయకుండా పేరు నమోదు చేసుకోవాలి. జర్మన్ వచ్చినవాళ్లు 'టెలిఫోన్‌జీల్‌జోర్గె' హెల్ప్‌లైన్‌కి ఏ టైమ్‌లోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, నంబర్ 0800 1110111. ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి అయితే 112.

ఇక యూనివర్సిటీ ఆటల కోర్సుల రిజిస్ట్రేషన్ విషయం. ఇవి సాధారణంగా సెమిస్టర్ మొదట్లోనే ఓపెన్ అవుతాయి. బ్యాడ్మింటన్, వాలీబాల్ లాంటివాటిలో సీట్లు చాలా త్వరగా నిండిపోతాయి. మీ యూనివర్సిటీ పేరు పక్కన 'హోఖ్‌షూల్‌స్పోర్ట్' అని వెతికితే తేదీలు కనిపిస్తాయి. అక్టోబర్‌లో మిస్సయితే ఏప్రిల్‌లో సమ్మర్ సెమిస్టర్‌కి మళ్లీ పెడతారు. అప్పటికి బెర్లిన్‌లో రాత్రి 8 దాకా వెలుతురు ఉంటుంది.